అలంకరణలోని ఆలోచన

బొమ్మ గీయడమూ డిజైన్ గీయడమూ ఒకే చేతి పని అని నమ్మి, విద్యార్థులకు రెండింటినీ సమానంగా నేర్పిన ఒక గురువుగారి స్మృతిలో మాట్లాడుతున్నాను. ఆయనను పొగడటం కన్నా, ఆయన జీవితాంతం పట్టుకుని ఉన్న ప్రశ్నను మరికొంత ముందుకు తీసుకెళ్లడమే సరైన నివాళి అనుకుంటున్నాను. నేటి కళలో అలంకరణ చేసే పని ఏమిటి? పూలతీగ, చుక్కల వరస, గళ్లు, అంచు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే డిజైన్లుగా బొమ్మలోకి వచ్చినప్పుడు బొమ్మకు ఏం జరుగుతుంది? నా వాదన ముందే చెప్పేస్తాను. మంచి కళాకృతిలో అలంకరణ కూడా ఆలోచనే. బొమ్మ ఏం చెప్పాలో, చూసేవాడి కన్ను ఎక్కడ ఆగి ఎటు కదలాలో నిర్ణయించేది చాలాసార్లు అదే. ఇది నిజమైతే దాని వెంట ఇంకో బాధ్యత వస్తుంది. ఆ డిజైన్లను కనిపెట్టి తరాల పాటు నిలబెట్టినవారిని మనం ఆలోచనాపరులుగా గుర్తించాలి. ఇంతకాలం ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో ముందు చూద్దాం.

వియన్నాకు చెందిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1908 ప్రాంతంలో ఆలోచించి, 1910లో ఉపన్యాసంగా చదివిన ‘అలంకరణ, నేరం’ అనే వ్యాసం ఇరవయ్యో శతాబ్దపు అభిరుచిని శాసించింది. వాడుక వస్తువుల నుంచి అలంకరణ తొలగిపోవడమే సంస్కృతి ఎదుగుదల అని దాని సారాంశం. ఆ వ్యాసం రూపం గురించి ఎంత మాట్లాడుతుందో మనుషుల గురించి అంతకన్నా ఎక్కువ మాట్లాడుతుంది. పాపువా మనిషి ఒళ్లంతా పచ్చబొట్టు పొడిపించుకుంటే తప్పు లేదట, ఆధునికుడు పొడిపించుకుంటే నేరస్థుడో పతితుడో అట. పర్షియా తివాచీ నేసేవాడికీ, స్లొవాకియా పల్లెలో అల్లిక పని చేసే ఆడమనిషికీ, తన చెప్పులు కుట్టే పనివాడికీ అలంకరణ చేసుకునే అనుమతి ఆయన ఇస్తాడు. వాళ్లకు అంతకన్నా గొప్ప ఆనందం అందుబాటులో లేదు కనుక ఇస్తాడు. బీథోవెన్ సంగీతం వినే తనవంటివారికి మాత్రం అది కూడదు. అంటే ఆ వ్యాసం మనుషులను మెట్ల మీద నిలబెడుతోంది. పై మెట్టు మీద యూరప్ నగరాల చదువుకున్న పురుషుడు, కింది మెట్ల మీద రైతులు, చేతిపనివాళ్లు, ఆడవాళ్లు, వలస దేశాల ప్రజలు. అలంకరణ కింది మెట్టుకు గుర్తు అయింది. విచిత్రమేమంటే, అదే లూస్ వియన్నా మిఖాయెలర్ చౌకులో 1909 నుంచి 1911 దాకా కట్టిన భవనం కింది అంతస్తులకు అలలు అలలుగా చారలున్న చిపొలీనో పాలరాయి తొడిగాడు. పువ్వు చెక్కలేదు, నిజమే. కన్నుకు కావలసిన గీతల విందును మాత్రం రాయి చేత చేయించాడు. అలంకరణను నేరమన్నవాడు కూడా అది లేకుండా గోడ కట్టలేకపోయాడు.

అలంకరణ కేవలం పైపై సొగసే అయితే రాజ్యాలు దానికి భయపడవలసిన పని లేదు. యూరప్ రాజ్యాలు భయపడ్డాయి. మన కోరమండల్ తీరం నుంచి, గుజరాత్ నుంచి వెళ్లిన రంగుల అద్దకపు గుడ్డలను ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతికి అడ్డుకట్ట వేసి, అది చాలక 1721లో అద్దకపు నూలుగుడ్డను ధరించడాన్నే చట్టంతో ఆపింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ బతుకు పోతోందని చేసిన ఆందోళన వీటి వెనుక ఉంది. ఆ గుడ్డ వాళ్లను అంతగా ఎందుకు కలవరపెట్టింది? ఉతికినా చెదరని రంగుతో పువ్వు పూయించడం అప్పటికి యూరప్‌కు సరిగా తెలియదు. మచిలీపట్నం చుట్టుపక్కల అద్దకందార్లకు తెలుసు. కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో గుడ్డ నానబెట్టడం, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి నలుపు తీయడం, పటిక రాసిన మేరకే చిరివేరు ఎరుపు అంటుకునేలా చూడటం, నీలి రంగులో ముంచేటప్పుడు మిగతా భాగాన్ని మైనంతో కాపాడటం, ఒక్కో పని తరువాత పారే నీటిలో జాడించడం. ఇదంతా ఒక రసాయనశాస్త్రం. పుస్తకంలో కాక పువ్వులో రాసిపెట్టిన శాస్త్రం. ఆ పువ్వును చూసి అందం అన్నవారు అందులోని జ్ఞానాన్ని చూడలేదు. జ్ఞానాన్ని చూసినవారు నకలు తీసుకుని, మిల్లులు పెట్టి, ఆ పువ్వు పుట్టిన ఊరి మార్కెట్టునే దెబ్బతీశారు.

కళాప్రపంచం ఈ మెట్ల వరసను బాహాటంగా ప్రశ్నించింది 1970లలో. అమెరికాలో ‘ప్యాటర్న్ అండ్ డెకరేషన్’ పేరుతో కొందరు చిత్రకారులు ఒక బృందంగా ముందుకొచ్చారు. మిరియం షపీరో, జాయిస్ కోజ్లాఫ్, వాలరీ జోడాన్, రాబర్ట్ కుష్నర్ వారిలో ముఖ్యులు. షపీరో ఇళ్లలో ఆడవాళ్లు కుట్టిన గుడ్డ ముక్కలను, చేతిరుమాళ్లను, లేసులను పెద్ద చిత్రాల్లో అతికించింది. కోజ్లాఫ్ మెక్సికోలో, మొరాకోలో గోడల మీది పలకల అల్లికలను అధ్యయనం చేసింది. కుష్నర్, కళావిమర్శకురాలు ఏమీ గోల్డిన్ 1974లో ఇరాన్, టర్కీ, అఫ్ఘానిస్థాన్ తిరిగి వచ్చారు. గోల్డిన్ 1975లో రాసిన వ్యాసంలో ఒక లోతైన మాట ఉంది. డిజైన్‌కు ప్రాణం పువ్వులోనో ఆకులోనో ఉండదు, ఒక పువ్వుకూ తరువాతి పువ్వుకూ మధ్య ఉండే దూరంలో ఉంటుంది అని ఆమె వాదన. ఆ దూరం మారితే అవే పువ్వులు మరో డిజైన్ అవుతాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధితో నడిచే తాళం తెలిసిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1978లో జోడాన్, కోజ్లాఫ్ కలిసి ‘హెరెసీస్’ అనే స్త్రీవాద పత్రికలో మరో పని చేశారు. ఆధునిక కళాకారులూ విమర్శకులూ అలంకరణ గురించి రాసిన వాక్యాలను ఏరి, అంశాల వారీగా పక్కపక్కన పెట్టారు. విడివిడిగా చదివితే అభిప్రాయాల్లా కనిపించే వాక్యాలు, కలిపి చదివితే ఒక దురభిమానంలా కనిపించాయి. అలంకరణను తిట్టిన చోటల్లా స్త్రీనో, తూర్పు దేశాలనో, ‘ఆటవికుల’నో తిడుతున్న మాట దాదాపు వెంటే ఉంది. లూస్ వ్యాసంలో మనం చూసిన మెట్లే అవి.

తిట్టు వెనుక పక్షపాతం ఉందని తేల్చినంత మాత్రాన అలంకరణ ఆలోచనే అని రుజువు కాదు. అందుకు కళాకృతులనే సాక్ష్యం అడగాలి. మొదటి సాక్ష్యం మోనిర్ షారూదీ ఫర్మాన్‌ఫర్మాయాన్. 1922లో ఇరాన్‌లోని కజ్విన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో చదువుకుని, అక్కడి నైరూప్య చిత్రకారుల మధ్య మెలిగిన కళాకారిణి ఆమె. షిరాజ్‌లోని షా చెరాగ్ దర్గాలో గోడలూ కప్పూ నిండిన అద్దాల పనిని చూశాక ఆమె దారి మారింది. అద్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, త్రికోణం నుంచి చతురస్రానికి, అక్కడి నుంచి షట్కోణానికి పెరిగే రేఖాగణితంలో అమర్చింది. ఆ ఫలకం ముందు నిలబడితే మన ముఖం ఒక్కటిగా కనబడదు. వందల ముక్కలుగా చెదిరి, మనం కదిలితే కదులుతుంది. ‘నేను’ అనేది ఎంత స్థిరం అనే ప్రశ్నను ఆ ఫలకం అడుగుతోంది. అందులో మనిషి బొమ్మ లేదు, కథ లేదు. డిజైన్ ఒక్కటే ఉంది, ప్రశ్నంతా అదే వేస్తోంది.

రెండో సాక్ష్యం జన్‌గఢ్ సింగ్ శ్యామ్. 1962లో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో ప్రధాన్ గోండుల ఇంట పుట్టాడు. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఆయన ప్రతిభను గుర్తించి భోపాల్‌కు, 1982లో తెరిచిన భారత్ భవన్ కళాకేంద్రానికి తీసుకొచ్చింది. 1989లో పారిస్ పాంపిడూ కేంద్రంలో జరిగిన ప్రఖ్యాత ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. జింక, పులి, పాము, దేవర, ఏది గీసినా లోపల చుక్కలు, దువ్వెన పళ్లవంటి సన్న గీతలు వరసలు కట్టి నింపుతాయి. ఆ వరసలు జంతువు ఒంటి వంపు వెంట పరిగెడుతూ దానికి ఊపిరి పోస్తాయి. పచ్చబొట్ల గీతలతో, ఇంటి గోడల అలంకరణతో వీటికి చుట్టరికం ఉందని పరిశీలకులు చెబుతారు. లూస్ నేరానికి గుర్తుగా చూపిన పచ్చబొట్టు, ఎనభై ఏళ్ల తరువాత అదే యూరప్‌లో సమకాలీన కళగా గోడకెక్కింది. జన్‌గఢ్ 2001లో జపాన్‌లో మరణించాడు. ఆయన దారిలో నడిచిన చిత్రకారులు ఎవరికి వారు సొంత నింపుడు గీతను తయారు చేసుకున్నారు. ఒకరిది చుక్క, ఒకరిది నెలవంక, ఒకరిది గొలుసు. తెలిసినవారు సంతకం చూడకుండానే చిత్రకారుణ్ని పోల్చుకుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే గీతలో వ్యక్తి ఉండడు అనేవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మూడో సాక్ష్యం చరిత్రను మోసే డిజైన్. లండన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగిన యింకా షోనిబారే 2003లో ఒక శిల్ప సముదాయం చేశాడు. ఆఫ్రికా పటం పరచిన బల్ల చుట్టూ తలలు లేని పద్నాలుగు మూర్తులు కూర్చుని ఖండాన్ని పంచుకుంటుంటాయి. వాళ్ల విక్టోరియా కాలపు కోట్లు మాత్రం కళ్లు చెదిరే పూల గుడ్డతో కుట్టినవి. ఆ గుడ్డ చూడగానే ఆఫ్రికాది అనుకుంటాం. దాని పుట్టుక వేరు. జావా దీవి మైనపు అద్దకాన్ని చూసి డచ్ మిల్లులు యంత్రం మీద నకలు తీశాయి. ఆ సరుకు పశ్చిమాఫ్రికా మార్కెట్లలో నిలదొక్కుకుని, క్రమంగా అక్కడివారి సొంత గుర్తింపు అయింది. ఇంకా వెనక్కి వెళితే, సుగంధ ద్రవ్యాలకు మారకంగా కోరమండల్ తీరపు గుడ్డలు ఆ దీవులకు చేరేవి. మచిలీపట్నంలో డచ్చివారి వర్తక స్థావరం పదిహేడో శతాబ్దం మొదట్లోనే ఏర్పడింది. జావా ఉత్తర తీరపు అద్దకంలో మన గుడ్డల పూలతీగలు కనిపించడం అందుకే. ఒక పువ్వు కృష్ణా తీరం నుంచి జావాకు, అక్కడి నుంచి హాలండుకు, ఆపై లాగోస్‌కు, చివరికి మ్యూజియానికి వెళ్లింది. షోనిబారే ఆ గుడ్డ తీసేసి తన మూర్తులకు మామూలు నల్ల కోట్లు తొడిగి ఉంటే, మిగిలేది పాఠ్యపుస్తకంలో బొమ్మ. వలస దోపిడీ ఎంత చిక్కుముడో, ఏది ఎవరిదో తేల్చడం ఎంత కష్టమో చెబుతున్నది ఆ డిజైన్ ఒక్కటే.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. డిజైన్ అంటే ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వేయడమే కదా, కంప్యూటర్ క్షణంలో వెయ్యి డిజైన్లు ఇచ్చే కాలంలో ఇందులో ఆలోచన ఎక్కడుంది అని అడుగుతారు. మళ్లీ వేయడం వేరు, మళ్లీ వేస్తే ఏమవుతుందో ముందే ఊహించడం వేరు. పుట్టపాక తేలియా రుమాలునే తీసుకోండి. అక్కడ డిజైన్ గుడ్డ మీద వేయరు, నూలులోనే పుట్టిస్తారు. పడుగునూ పేకనూ లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తరువాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. మగ్గం మీద రెండు దారాలు కలిసే చోట సరైన రంగు సరైన రంగుతో కలవాలి. గుడ్డ ఇంకా లేనప్పుడే గుడ్డంతా మనసులో చూడగలిగితే తప్ప ఇది సాధ్యం కాదు. కంప్యూటర్ విషయంలోనూ చరిత్ర తిరగబడి ఉంది. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ గణిత వ్యాకరణాలను పరిశోధిస్తూ, మన ముంగిళ్లలో వేసే చుక్కల ముగ్గులను, అంటే తమిళుల కోలాలను, తమ అధ్యయన వస్తువుగా తీసుకున్నారు. చుక్కలను చుట్టి వచ్చే మెలికల గీతలో నియమావళి ఉందనీ, దాన్ని శాస్త్రంగా రాయవచ్చనీ చూపారు. బడికి వెళ్లని ఇల్లాలి వేళ్లకు తెలిసిన నియమాలను కంప్యూటర్ శాస్త్రం తరువాత నేర్చుకుంది. యంత్రం డిజైన్ వేయగలదు, సరే. ఏ డిజైన్ ఎక్కడ, ఎందుకు అన్న నిర్ణయం మనిషిదే, కళ అక్కడే ఉంది.

రెండో అభ్యంతరం లూస్‌దే, నేను గౌరవించేది కూడా. అలంకరణ పనివాడి ఆయుష్షును తింటుంది, ఆ శ్రమకు తగిన కూలీ రాదు అన్నాడాయన. ఇది అబద్ధం కాదు. ఇలా కట్లు కట్టిన నూలుతో నేసే ఇక్కత్ చీరకు ఆసు పోసే, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పే, ఇంటి ఆడవాళ్లు ఒక్కో చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. భుజాలు అరిగిపోతాయి. ఆ నొప్పిని దాచి డిజైన్‌ను పొగడటం అమానుషం. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే ఆ బాధను చూడలేక, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డిజైన్‌ను తొలగించలేదు, నొప్పిని తొలగించారు. లూస్ ఎదుట రెండే దారులున్నాయి, అలంకరణతో కూడిన దోపిడీ లేదా అలంకరణ లేని న్యాయం. తెలంగాణ పల్లెలో ఒక నేతబిడ్డ మూడో దారి ఉందని చూపించారు. పనివాడికి నష్టం చేస్తున్నది తక్కువ కూలీ, దళారీ, నకిలీ ప్రింటు. వాటిని వదిలేసి పువ్వును శిక్షించడం న్యాయం కాదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. నేటి మార్కెట్టుకు అలంకరణ చాలా ఇష్టం. హోటల్ లాబీలో, సంపన్నుల హాల్లో సోఫా రంగుకు నప్పే ‘దేశీ’ బొమ్మలు వేలకొద్దీ తయారవుతున్నాయి. నాలుగు పూలతీగలు, ఒక నెమలి, ఒక ముక్కుపుడక ఉంటే అది మన సంస్కృతి అయిపోతోంది. బాధనూ ప్రశ్ననూ కప్పిపుచ్చే ముసుగుగా అలంకరణ పనికొస్తోంది. ఈ విమర్శను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే దీన్నుంచి తేలేది చెడ్డ అలంకరణ ఉందని మాత్రమే. మంచిదాన్నీ చెడ్డదాన్నీ వేరుచేసే కొలత మనకు కావాలి. ఆ కొలతను తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఇచ్చి వెళ్లాడు. కావ్యంలో అలంకారం రసంతో పాటే, దానికోసం వేరే ప్రయత్నం అక్కర్లేకుండా పుట్టాలి అని ధ్వన్యాలోకంలో ఆయన సిద్ధాంతం. కవి రసాన్ని పక్కనపెట్టి అలంకారం కోసం తాపత్రయపడితే అది కావ్యానికి బరువు. ఈ కొలతతో చిత్రకళను చూడండి. తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీ దగ్గర చీర అంచు, పెద్ద బొట్టు, రవిక రంగు మూర్తితో పాటే పుట్టాయి. వెలుగునీడలతో ఒంటి నిండుదనం చూపే పని ఆయన పెట్టుకోలేదు. బల్లపరుపు రంగుల మధ్య ఆ మనిషికి బరువునూ ఠీవినీ ఇచ్చేది ఆ అంచులే. వాటిని తీసేస్తే మనిషే ఉండదు. ఆయన్ను అనుకరించే సరుకులో అంచు తీసేసినా ఏమీ మారదు, ఎందుకంటే అక్కడ అంచు తరువాత తగిలించింది. తీసి చూడు, కూలితే అది నిర్మాణం, కూలకపోతే అది పూత. మోనిర్, జన్‌గఢ్, షోనిబారే ముగ్గురూ ఈ పరీక్షలో నిలబడతారు.

చివరిగా, మొదట చెప్పిన బాధ్యత. మోనిర్ తన అద్దాల పనిని ఒంటరిగా చేయలేదు. హాజీ ఉస్తాద్ మొహమ్మద్ నవీద్ అనే నిపుణుడు ఏళ్ల తరబడి ఆమెతో పనిచేశాడు. ఆ పేరు ఈ రోజు మనం చెప్పుకోగలుగుతున్నాం అంటే ఎవరో నమోదు చేశారు కనుక. మన దగ్గర ఎంత మందిని నమోదు చేశాం? శ్రీకాళహస్తి కలంకారీలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కానీ మ్యూజియంలో పాత కలంకారీ తెర కింద చీటీ చూడండి. సాధారణంగా ఊరి పేరు, శతాబ్దం ఉంటాయి. పక్క గదిలో నూనెరంగుల చిత్రం కింద మాత్రం చిత్రకారుడి పేరు, పుట్టిన సంవత్సరం ఉంటాయి. లూస్ మెట్లు వియన్నాలో కూలినా మన చీటీల్లో ఇంకా నిలిచే ఉన్నాయి. పాతవారి పేర్లు చాలావరకు తిరిగి రావు. బతికి ఉన్నవారి పేర్లు పోకుండా చూడటం మన చేతిలో ఉంది.

అందుకే ఈ సభ ద్వారా మూడు విన్నపాలు చేస్తున్నాను. మ్యూజియాలూ ప్రదర్శనశాలలూ అద్దకం వేసినవారి, ఆసు పోసినవారి, నేసినవారి పేర్లను చిత్రకారుడి పేరు రాసే చోటే, అదే అక్షరాల్లో రాయాలి. చిత్రకళా కళాశాలలు నేతగాళ్లనూ కలంకారీ కళాకారులనూ ఒక్కరోజు ప్రదర్శన కోసం పిలిచి శాలువా కప్పి పంపకుండా, జీతమిచ్చి అధ్యాపకులుగా నియమించాలి. తెలుగు కళావిమర్శకులు ‘కేవలం అలంకారప్రాయం’ అనే మాటను తీర్పుగా వాడటం మాని, ఆ అలంకరణ ఆ బొమ్మలో ఏం పని చేస్తోందో చెప్పే కష్టం తీసుకోవాలి. ఇవి డబ్బుతో కన్నా పట్టుదలతో అయ్యే పనులు. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులు, క్యూరేటర్లు, పత్రికా సంపాదకులు ఎవరి పరిధిలో వారు వీటిని మొదలుపెట్టాలని కోరుతున్నాను.